బండి మీది... మరి సీ-బుక్కు ఎవరిది?

సెకండ్ హ్యాండ్ బైకు కొంటున్నారా? తాళం చేతికొచ్చిన దగ్గర్నుంచి ఆర్‌సీలో మీ పేరు పడేదాకా చేయాల్సిన పనులివి

ఇలా ఊహించుకోండి. కాకినాడలో డిగ్రీ పూర్తిచేసిన ఓ కుర్రాడికి మందుల కంపెనీలో మెడికల్ రెప్రజెంటేటివ్ ఉద్యోగం వచ్చింది. జాయినింగ్ లెటర్‌లో ఒక షరతు ఉంది: సొంత ద్విచక్ర వాహనం, డ్రైవింగ్ లైసెన్స్ ఉండాలి. కొత్త బండికి లక్ష దాటుతోంది. ఇంట్లో అడగాలంటే మొహమాటం. సరిగ్గా అప్పుడే కూకట్‌పల్లిలో ఉండే పెదనాన్న కొడుకు ఫోన్ చేశాడు. ‘ఒరేయ్ తమ్ముడూ, మా ఆఫీసులో ఒకతను బండి అమ్ముతున్నాడు. ఒక్క చేతి మీదే తిరిగింది. నలభై అయిదు వేలంటున్నాడు. ఆదివారం వచ్చి తీసుకుపో’ అన్నాడు.

ఆదివారం వచ్చింది. బండి నిజంగానే బాగుంది. డబ్బు చేతులు మారింది. అమ్మినతను రెండు ఫారాల మీద సంతకం చేసి ఇచ్చి, ‘పేరు తర్వాత నెమ్మదిగా మార్చుకో బ్రదర్, తొందరేం లేదు’ అన్నాడు. కుర్రాడు హెల్మెట్ పెట్టుకుని కాకినాడ దారి పట్టాడు. దాదాపు అయిదు వందల కిలోమీటర్లు. జేబులో ఉన్నది వేరొకరి పేరుతో ఉన్న ఆర్‌సీ. ఇన్సూరెన్స్ కాగితం మీద తేదీ ఎవరూ చూడలేదు.

దారిలో ఏమీ జరక్కపోతే ఇది మంచి బేరమే. జరిగితే?

మన దగ్గర వాడిన బండ్ల కొనుగోళ్లు చాలావరకు ఇలాగే నడుస్తాయి. మైలేజీ చూస్తారు, సైలెన్సర్ పొగ చూస్తారు, టైర్లు తడుముతారు. కాగితాల దగ్గరికొచ్చేసరికి ‘మనవాళ్లే కదా’ అంటారు. చట్టం దృష్టిలో మాత్రం యజమాని అంటే బండి నడిపేవారో, డబ్బు కట్టినవారో కాదు. రిజిస్ట్రేషన్ ఎవరి పేరుతో ఉంటే వాళ్లు. మోటారు వాహనాల చట్టం-1988లో ‘యజమాని’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనమే అది. అందుకే బండిని ఇంటి ముందు నిలబెట్టినంత మాత్రాన అది ఇంటికొచ్చినట్టు కాదు. సీ-బుక్కులో మీ పేరు పడిన రోజే వచ్చినట్టు. మధ్యలో ఏం చేయాలో వరసగా చూద్దాం.

డబ్బు తీయకముందే...

ముందు ఆర్‌సీ అసలు కాపీ అడగండి. వాట్సాప్‌లో పంపిన ఫొటో, లామినేషన్ చేసిన జిరాక్స్ పనికిరావు. అది చేతికొచ్చాక ఈ ఆరింటినీ చూడండి.

ఒకటి, పేరు. అమ్మే మనిషి ఆధార్‌లోని పేరు, ఆర్‌సీలోని పేరు ఒకటేనా? ‘మా బావమరిది పేరు మీదుంది, నేనే వాడుతున్నా’ అంటే ఆ బావమరిదితోనే మాట్లాడాలి. సంతకం పెట్టాల్సింది ఆయనే.

రెండు, నంబర్లు. ఛాసిస్ నంబరు చాలా బండ్లకు హ్యాండిల్ కింద, ఫ్రేమ్ మీద కొట్టి ఉంటుంది. ఇంజిన్ నంబరు ఇంజిన్ కేసింగ్ మీద ఉంటుంది. మట్టి తుడిచి ఒక్కో అంకె ఆర్‌సీతో సరిపోల్చండి. అంకెలు రుద్దినట్టో, మళ్లీ కొట్టినట్టో కనిపిస్తే ధర ఎంత తక్కువైనా సరే, నమస్కారం పెట్టి వచ్చేయండి.

మూడు, అప్పు. ఫైనాన్స్‌లో కొన్న బండి అయితే ఆర్‌సీలో హైపోథికేషన్ అని, పక్కన బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ పేరు ఉంటుంది. వాయిదాలన్నీ కట్టేసినా ఆ మాట దానంతటదే పోదు. ఫైనాన్స్ సంస్థ నుంచి ఎన్‌వోసీ, సంస్థ సంతకం, ముద్ర ఉన్న ఫారం 35 ఉండాలి. ‘లోన్ ఎప్పుడో అయిపోయింది’ అన్న నోటిమాట చెల్లదు. కొన్ని ఎన్‌వోసీలకు గడువు కూడా ఉంటుంది, తేదీ చూసుకోండి.

నాలుగు, చలాన్లు. ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొడితే పెండింగ్ జరిమానాలు కనిపిస్తాయి. హెల్మెట్ లేని ఫొటోలు నాలుగైదు వరసగా బయటపడినా ఆశ్చర్యం లేదు. బేరం కుదరకముందే వాటిని కట్టించండి, లేదంటే ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించండి.

అయిదు, దొంగతనం. జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) నడిపే ‘వాహన్ సమన్వయ్’ సేవలో రిజిస్ట్రేషన్, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఇచ్చి, ఆ బండి చోరీ వాహనాల జాబితాలో ఉందో లేదో చూసుకోవచ్చు. అయిదు నిమిషాల పని.

ఆరు, వయసు. బైకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ల వరకే చెల్లుతుంది. తర్వాత ఫిట్‌నెస్ చూపించి, హరిత పన్ను కట్టి పునరుద్ధరించుకోవాలి. మీరు చూస్తున్నది 2011 నాటి బండి అయితే ఆ పని అయిందో లేదో అడగండి. కాకపోతే ఆ ఖర్చు, ఆ తిరుగుడు మీ నెత్తిన పడతాయి.

ఎవరి దగ్గర కొంటున్నారు?

సొంతదారు దగ్గర నేరుగా కొనడం అన్నిటికంటే సులువు. మనిషి ఎదురుగా ఉంటాడు, సంతకం కళ్లముందే పెడతాడు.

కన్సల్టెన్సీ దగ్గరైతే ఒక ప్రశ్న అడగండి: ‘మీకు రవాణా శాఖ ఇచ్చిన డీలర్ ఆథరైజేషన్ ఉందా?’ వాడిన వాహనాల డీలర్ల కోసం కేంద్రం తెచ్చిన కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం యజమాని బండిని అధీకృత డీలర్‌కు అప్పగించినప్పుడు ఆ సంగతి రవాణా శాఖకు తెలియజేయాలి. అక్కడి నుంచి బండి బాధ్యత డీలర్‌దే. ఆ బండిని ట్రయల్, మరమ్మతు, రంగు వేయించడం వంటి పనులకు తప్ప రోడ్డు మీద తిప్పకూడదు. ఇవేమీ లేకుండా, ఎవరో ఎప్పుడో సంతకం పెట్టిన ఖాళీ ఫారాలు డ్రాయర్‌లోంచి తీసిచ్చే షాపులూ ఉన్నాయి. ఆ సంతకం పెట్టిన మనిషి ఇప్పుడెక్కడున్నాడో షాపువాడికే తెలియదు. రేపు ఆర్టీఏ ఆఫీసులో సంతకం సరిపోలలేదంటే మీరెవర్ని వెతుక్కుంటారు?

ఫైనాన్స్ సంస్థలు స్వాధీనం చేసుకుని అమ్మే బండ్లు చౌకే. అయితే ఆ సంస్థ తన పేరుతో ఆర్‌సీ తీసుకుని అమ్ముతోందా, మీకు ఏయే పత్రాలు ఇస్తోంది అన్నది రాతపూర్వకంగా తెలుసుకోండి. బహిరంగ వేలంలో కొన్న బండికి ఫారం 32 అవసరమవుతుంది.

కొందరికి బండి బేరంలో రాదు, వారసత్వంగా వస్తుంది. నాన్నో, మామయ్యో పోయాక ఆ బండి ఇంట్లో పిల్లాడు నడుపుతుంటాడు. ఆర్‌సీ మాత్రం పోయినవారి పేరుతోనే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఇది కూడా చిక్కే. మరణించిన 30 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేస్తే, వారసులు మూడు నెలల పాటు ఆ బండిని వాడుకోవచ్చు. ఆలోగా ఫారం 31తో పేరు మార్చుకోవాలి.

ఇక ఆన్‌లైన్ ప్రకటనలు. ‘ఆర్మీలో ఉన్నాను, అర్జెంటుగా బదిలీ అయింది, సగం ధరకే ఇచ్చేస్తా, ముందు రవాణా ఖర్చులు పంపండి’ అని ఎవరైనా అంటే అది పాత మోసమే. బండిని చూడకుండా, ముట్టకుండా రూపాయి కూడా పంపొద్దు.

డబ్బులిచ్చే పూట

ధర కుదిరింది. ఇక్కడే తొందర పడకూడదు. డబ్బు యూపీఐ ద్వారానో, బ్యాంకు ఖాతా ద్వారానో ఇవ్వండి. ఆర్‌సీలో పేరున్న మనిషి ఖాతాలోనే వేయండి. రేపు ఏదైనా తగాదా వస్తే ఆ ఎంట్రీనే మీ సాక్షి.

ఫారం 29 అంటే ‘నా బండిని ఫలానా వ్యక్తికి ఫలానా తేదీన బదిలీ చేశాను’ అని అమ్మినవారు రవాణా శాఖకు ఇచ్చే నోటీసు. ఫారం 30 పేరు మార్పు దరఖాస్తు. అందులో ఇద్దరి సంతకాలూ ఉండాలి. రెండిట్లోనూ మీ పేరు, చిరునామా, తేదీ నింపాకే సంతకాలు చేయించుకోండి. ఖాళీ ఫారం మీద సంతకం కొన్నవారికీ, అమ్మినవారికీ ఇద్దరికీ ప్రమాదమే. దాంతో ఆ బండి ఎన్ని చేతులైనా మారిపోవచ్చు.

వీటితో పాటు ఒక తెల్ల కాగితం మీద డెలివరీ నోట్ రాసుకోండి. బండి నంబరు, ఛాసిస్ నంబరు, ధర, ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు, అన్నిటికంటే ముఖ్యంగా అప్పగించిన తేదీ, సమయం రాయాలి. ‘ఈ రోజు ఉదయం 11.30 వరకు ఉన్న చలాన్లు, కేసులు అమ్మినవారివి. ఆ తర్వాతవి కొన్నవారివి’ అని ఒక వాక్యం చేర్చండి. ఇద్దరూ సంతకం పెట్టి చెరో కాపీ ఉంచుకోండి. దీంతో యాజమాన్యం మారిపోదు. కానీ దారిలో ఎవరైనా ఆపితే బండి మీ దగ్గర ఎందుకుందో చెప్పడానికీ, తర్వాత మాటా మాటా అనుకోకుండా ఉండడానికీ ఇది చాలా పనికొస్తుంది.

అమ్మినవారి ఆధార్, పాన్ జిరాక్సుల మీద ‘బండి పేరు మార్పు కోసం మాత్రమే’ అని రాయించి, సంతకంతో తీసుకోండి. రెండో తాళం అడగడం మరిచిపోవద్దు.

ఇంటిదారిలో

‘పేరు మారకుండా బండి నడపొచ్చా?’ అందరికీ వచ్చే సందేహమిది. పేరు మార్పు కోసం కొన్నవారికి చట్టం 30 రోజుల గడువిచ్చింది. ఆలోగా పాత యజమాని పేరుతో ఉన్న ఆర్‌సీతో బండి నడపొచ్చు. కాకపోతే మిగతా కాగితాలన్నీ సరిగ్గా ఉండాలి.

వాటిలో మొదటిది బీమా. తొలి ప్రయాణంలో ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే. 2018 సెప్టెంబరు 1 నుంచి అమ్మిన ప్రతి కొత్త ద్విచక్ర వాహనానికీ అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. అందువల్ల చాలామంది ఓనర్లు ‘ఇన్సూరెన్స్ ఉంది’ అనే అనుకుంటారు. 2020లో కొన్న బండికి ఆ అయిదేళ్లు 2025తోనే అయిపోయాయన్న సంగతి వాళ్లకే గుర్తుండదు. కాగితం మీద తేదీ స్వయంగా చూడండి.

బీమా లేకుండా నడిపితే తొలిసారి జరిమానా 2,000 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే జరిమానా 4,000. అసలు నష్టం ఇది కూడా కాదు. ప్రమాదంలో ఎవరికైనా దెబ్బ తగిలితే లక్షల్లో వచ్చే పరిహారాన్ని జేబులోంచి కట్టాలి. మరి థర్డ్ పార్టీ ప్రీమియం ఎంత? 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ బండికి ఏడాదికి 714 రూపాయలు, 150 నుంచి 350 సీసీ దాకా 1,366 రూపాయలు, పన్ను అదనం. హైదరాబాద్ నుంచి కాకినాడకు అయ్యే పెట్రోలు ఖర్చుతో పోల్చి చూడండి. గడువు దాటిన బండి అయితే ఓనర్ చేతే ఆన్‌లైన్‌లో అప్పటికప్పుడు కట్టించండి. పాలసీ ఏ సమయం నుంచి అమల్లోకి వస్తుందో చూసుకుని, ఆ తర్వాతే కదలండి.

రెండోది లైసెన్స్. గేర్ల బండికి గేర్ల లైసెన్సే ఉండాలి. 16 ఏళ్లకిచ్చే లైసెన్స్ 50 సీసీలోపు గేర్లు లేని బండికే. ‘మా తమ్ముడు నడుపుకొస్తాడు’ అని మైనరుకు తాళమిస్తే, తల్లిదండ్రులకో బండి ఓనరుకో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. బండి ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంటే ఆ చిక్కులో ఆయన కూడా ఇరుక్కుంటాడు.

మూడోది పొల్యూషన్ సర్టిఫికెట్. రిజిస్ట్రేషనైన తొలి ఏడాది దాటితే ప్రతి బండికీ ఇది ఉండాలి. పెట్రోలు బంకుల దగ్గర పది నిమిషాల్లో ఇస్తారు. బయల్దేరే ముందే చేయించండి.

డిజిలాకర్, ఎం-పరివాహన్ యాప్‌లలోని పత్రాలు అసలైన వాటితో సమానంగా చెల్లుతాయి. ఫోన్ గ్యాలరీలోని ఫొటోకు ఆ విలువ లేదు. ఆర్‌సీ ఇంకా మీ పేరుతో లేదు కాబట్టి మీ డిజిలాకర్‌లోకి రాదు. ఈ ఒక్క ప్రయాణానికి అసలు కార్డు దగ్గర ఉంచుకోండి.

కాగితాలే కాదు, బండి కూడా ప్రయాణానికి సిద్ధంగా ఉండాలి. టైరు పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. అంత పాత టైర్లతో జాతీయ రహదారెక్కొద్దు. బ్రేకులు, చైను, లైట్లు, నంబరు ప్లేటు చూపించి, మెకానిక్ ‘సరే’ అన్నాకే బయల్దేరండి. వెనక కూర్చునేవారికీ హెల్మెట్ ఉండాలి.

రైల్లో వేసేస్తే?

కొత్తగా చేతికొచ్చిన పాత బండి మీద అయిదు వందల కిలోమీటర్లు ఎందుకనుకుంటే రైలు ఉంది. మీరు ఎక్కే రైల్లోనే లగేజీగా వేయొచ్చు, లేదంటే పార్సిల్‌గా పంపొచ్చు. స్టేషన్‌లోని పార్సిల్ ఆఫీసుకు ఆర్‌సీ, బీమా జిరాక్సులు, గుర్తింపు కార్డు పట్టుకెళ్లాలి. ఆర్‌సీ వేరొకరి పేరుతో ఉంది కాబట్టి, బండి పంపడానికి తనకు అభ్యంతరం లేదని అమ్మినవారు రాసిచ్చిన లెటరు, డెలివరీ నోట్ కూడా దగ్గర ఉంచుకోండి. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి. అద్దాలు విప్పి, ట్యాంకు, హెడ్‌లైటు దెబ్బతినకుండా గోనెపట్టా, గడ్డితో ప్యాక్ చేయించాలి. పేరు, బయల్దేరే స్టేషన్, చేరే స్టేషన్ రాసిన అట్టముక్క కట్టాలి.

బండి చేరాక తీసుకోవడం ఆలస్యమైతే వార్ఫేజ్ పేరుతో రుసుము పడుతుంది. ఇంకో మాట. ట్యాంకు ఖాళీ కాబట్టి స్టేషన్ నుంచి బంకు దాకా తోసుకెళ్లాల్సిందే. దగ్గర్లో బంకెక్కడుందో ముందే చూసుకోండి.

రాష్ట్రం దాటితే కథ వేరు

కొన్నవారు, అమ్మినవారు ఒకే రాష్ట్రంలో ఉంటే పని తేలిక. కానీ తెలుగు యువతలో చాలామంది కథ రెండు రాష్ట్రాల మధ్య నడుస్తుంది. బండి హైదరాబాద్‌లో, ఇల్లు ఆంధ్రాలో. ఇక్కడ రెండు దారులున్నాయి.

మీరు హైదరాబాద్‌లోనే ఉద్యోగమో చదువో చేస్తూ ఇంకొన్నేళ్లు ఉంటారా? అక్కడి చిరునామాకు రుజువు ఉంటే తెలంగాణలోనే పేరు మార్పించుకోండి. పన్ను గొడవ ఉండదు. సొంతూరికి ఎప్పుడైనా మకాం మారిస్తే అప్పుడు చూసుకోవచ్చు.

మన కాకినాడ కుర్రాడిలా ఇల్లు, ఉద్యోగం రెండూ ఆంధ్రాలోనే ఉంటే మాత్రం ఎన్‌వోసీ కావాలి. బండి రిజిస్టరైన కార్యాలయం నుంచి ఫారం 28 ద్వారా దీన్ని తీసుకోవాలి. ఆ ఫారం మీద ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు అతికించాలి. అంటే అంకెల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయాలన్నమాట. ఎన్‌వోసీ ఇచ్చేముందు బండి మీద చోరీ కేసేమీ లేదని పోలీసుల నివేదిక తెప్పించుకోవాలనీ, పన్ను బకాయిలు చూడాలనీ చట్టంలోనే ఉంది. ఒక రకంగా ఇది కొనేవారికి రక్షణ కూడా.

ముఖ్యమైన సంగతేంటంటే, ఎన్‌వోసీ దరఖాస్తు చేయాల్సింది ఆర్‌సీలో పేరున్న యజమాని. అంటే మీకు బండి అమ్మిన మనిషి. మీరు కాకినాడ వెళ్లిపోయాక ఆయన్ను ఫోన్లో బతిమాలుకునే బదులు, దరఖాస్తు పెట్టించాకే మిగతా డబ్బు ఇస్తానని మొదట్లోనే మాట్లాడుకోండి. ‘అన్నా, పది వేలు ఎన్‌వోసీ చేతికి రాగానే వేసేస్తా’ అంటే నిజాయతీగా అమ్మేవారెవరూ కాదనరు.

ఎన్‌వోసీతో మీ ఊరి రవాణా కార్యాలయానికి వెళ్లాక రెండు పనులు జరుగుతాయి. ఒకటి, యాజమాన్యం మీ పేరుకు మారుతుంది. రెండు, ఫారం 27 ద్వారా మీ రాష్ట్రం నంబరు వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి జిల్లా కోడ్‌లు పోయి రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ వచ్చింది. అది ఏపీ 39తో మొదలైంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి టీఎస్ బదులు టీజీ వచ్చింది. పాత టీఎస్ నంబర్లు అలాగే చెల్లుతాయి కాబట్టి, ఆ ప్లేటు చూసి భయపడనక్కర్లేదు.

ఖర్చు పెరిగేది జీవిత పన్ను దగ్గర. కొత్త రాష్ట్రంలో బండి వయసు, కొత్తప్పటి ధర లెక్కన పన్ను కట్టాలి. బేరం ఆడేటప్పుడే ఈ మొత్తాన్ని లెక్కలో వేసుకోండి. హైదరాబాద్‌లో అయిదు వేలు తక్కువకొచ్చిన బండి, పన్ను కట్టాక మీ ఊళ్లో దొరికే బండికంటే ఎక్కువ పడొచ్చు.

‘వేరే రాష్ట్రం నంబరుతో ఏడాది తిరగొచ్చు కదా’ అని కొందరంటారు. సగమే నిజం. సొంతంగా బండి ఉన్న మనిషి వేరే రాష్ట్రానికి మకాం మారిస్తే, 12 నెలలు దాటాక కొత్త నంబరు తీసుకోవాలన్నది నిబంధన. ఆ ఏడాది వెసులుబాటు నంబరుకే. పేరు మార్పు గడువుకు దాంతో సంబంధం లేదు.

గడియారం మొదలైంది

బండి చేతులు మారిన రోజు నుంచీ గడువు లెక్క మొదలవుతుంది. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లోగా, వేరే రాష్ట్రానికి అయితే ఎన్‌వోసీతో సహా 45 రోజుల్లోగా తెలియజేయాలి. కొన్నవారికి 30 రోజులు.

రవాణా శాఖ పోర్టల్‌లో దరఖాస్తు నింపి, రుసుము కట్టి, స్లాట్ తీసుకుంటే సగం పని అయినట్టే. ఒకే రాష్ట్రంలో ద్విచక్ర వాహనం పేరు మార్పుకి ప్రభుత్వానికి కట్టేది వందల్లోనే. ఏజెంట్ వేలల్లో అడిగితే ఆ తేడా ఎవరి జేబులోకో అర్థం చేసుకోండి. ఆలస్యమైతే అదనపు రుసుము పడుతుంది.

వెళ్లేటప్పుడు అసలు ఆర్‌సీ, ఫారం 29, 30, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, మీ చిరునామా రుజువు, పెన్సిల్ ప్రింటు ఉండాలి. అవసరమైతే ఫారం 35, ఫారం 28 కూడా. ప్రతిదానికీ రెండు జిరాక్సులు తీయించండి. అవతలి మనిషి ఫోన్ అందుబాటులో ఉండేలా చూసుకోండి. ఓటీపీ ఆయనకు వెళ్తే ఆయన చెప్పాల్సిందే.

బీమాలో పేరు మారకపోతే...

ఇది చాలామంది మరిచిపోయే మెట్టు. ఆర్‌సీ వచ్చేసింది, పార్టీ కూడా అయిపోయింది. ఇన్సూరెన్స్ మాత్రం పాత ఓనర్ పేరుతోనే మిగిలిపోతుంది.

బండి చేతులు మారితే థర్డ్ పార్టీ రక్షణ దానితో పాటే కొన్నవారికి వచ్చినట్టేనని చట్టం చెబుతుంది. కానీ 14 రోజుల్లోగా బీమా కంపెనీకి రాసి, పాలసీని తన పేరుకు మార్పించుకోమని కూడా చెబుతుంది. అలా చేయకపోతే పోయేదేమిటి? బండి దొంగల పాలైనా, గుద్దుకుని నుజ్జయినా ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ రావడం కష్టం. ఎందుకంటే ఆ ఒప్పందం పాత ఓనర్‌తో జరిగింది.

ఇంకా పెద్దది ఒకటుంది. పాలసీతో పాటు తీసుకునే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా. దీని పేరే ‘ఓనర్-డ్రైవర్’ కవరు. ఓనర్‌గా నమోదై, లైసెన్స్ ఉన్న మనిషికే అది వర్తిస్తుంది. పేరు మార్చుకోకుండా తిరుగుతున్న కుర్రాడికి ఏదైనా జరిగితే, పరిహారం అడగడానికి అతని కుటుంబం దగ్గర సరైన కాగితమే ఉండదు. తొలి ఉద్యోగంలో చేరి ఇంటికి ఆసరా అవుతున్న పిల్లల విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

ఒక్క మాట. అమ్మినవారి నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. అది మనిషిది, బండిది కాదు. పాలసీ పేరు మార్చేటప్పుడు ఆ తేడా మీరు కట్టాల్సి వస్తుంది.

అమ్మేవాళ్లూ వినండి

ఈ పేజీ చదివేవారిలో కొనేవాళ్లే కాదు, ఉద్యోగం మారి పాత బండి వదిలించుకునేవాళ్లూ ఉంటారు. వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన కేసు ఒకటుంది. 2007లో ఒకాయన తన కారు అమ్మేశాడు. ఆర్‌సీలో పేరు మారలేదు. ఆ కారు తర్వాత ఇంకొన్ని చేతులు మారింది. 2009లో దానివల్ల ప్రమాదం జరిగి ఒక ప్రాణం పోయింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్‌గా పేరొందిన ఆ కేసులో 2018 ఫిబ్రవరిలో తీర్పొచ్చింది. పరిహారం కట్టాల్సింది రికార్డుల్లో పేరున్న యజమానే అని కోర్టు తేల్చింది. పరిహారం కోసం బాధితులు ఎవరు ఎవరికి అమ్మారో వెతుక్కుంటూ తిరగాల్సిన అవసరం లేదన్నది దాని సారాంశం.

అంటే డబ్బు తీసుకుని, తాళమిచ్చి, ఇక మనకేం సంబంధం అనుకున్న మనిషి మెడకు రెండేళ్ల తర్వాత ఆ కారే చుట్టుకుంది. బైకుకైనా నియమం ఇదే. కాబట్టి అమ్మేవారు ‘పేరు నెమ్మదిగా మార్చుకో’ అనడం ఉదారత కాదు, తమకు తామే పెట్టుకునే ముప్పు. ఫారం 29 మీరే నమోదు చేసి, రసీదు దాచుకోండి. నెల తర్వాత రవాణా శాఖ పోర్టల్‌లో మీ పాత బండి నంబరు కొట్టి చూడండి. ఇంకా మీ పేరే కనిపిస్తే కొన్నవారికి ఫోన్ చేయండి.

మళ్లీ మన కాకినాడ కుర్రాడి దగ్గరకొద్దాం. ఆ ఆదివారం అతను చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. బీమా తేదీ చూసి, అవసరమైతే కట్టించి, ఫారాలు నింపించి, ఎన్‌వోసీ దరఖాస్తుకు సంతకం తీసుకుని, పది వేలు ఆపుకుని, సోమవారం కదిలితే చాలు. ఒక్క రోజు ఆలస్యం. అంతకు మించి పోయేదేమీ లేదు. ఇంటికెళ్లాక నాన్న ‘కాగితాలన్నీ చూసుకున్నావురా?’ అని అడిగితే, ‘చూసుకున్నా నాన్నా, అన్నీ ఉన్నాయి’ అని తడుముకోకుండా చెప్పగలగాలి.

బయల్దేరే ముందు జేబులో...

* పాత యజమాని పేరుతో ఉన్న అసలు ఆర్‌సీ
* గడువు మిగిలి ఉన్న థర్డ్ పార్టీ బీమా
* పొల్యూషన్ సర్టిఫికెట్
* మీ సొంత డ్రైవింగ్ లైసెన్స్
* నింపి, సంతకాలు చేసిన ఫారం 29, ఫారం 30
* తేదీ, సమయం రాసిన డెలివరీ నోట్
* అమ్మినవారి గుర్తింపు కార్డు జిరాక్స్, ఫోన్ నంబరు
* అప్పు ఉన్న బండికి ఫారం 35, ఫైనాన్స్ ఎన్‌వోసీ
* రాష్ట్రం దాటితే ఫారం 28 దరఖాస్తు రసీదు లేదా ఎన్‌వోసీ